గాజుల కుబ్రమ్మ ఇంటి పరదా

అమరచింతలో వీరభద్రుని గుడి వెనక సందులో కుబ్రా బేగం ఇల్లు. ముందు గదికీ వంటింటికీ మధ్య ఒక పరదా వేలాడుతుండేది. పాత గద్వాల చీరను చింపి కుట్టిన పరదా. జరీ ఎప్పుడో నల్లబడింది, అంచు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది.

ఆ పరదాకు ఒక పద్ధతి ఉండేది. మగవాళ్లు ఎవరు గడప తొక్కినా కుబ్రా నోట ఒకటే మాట వచ్చేది. "నస్రీన్, లోపటికి పో." కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా అదే మాట, ఉల్లిగడ్డలమ్మే ముసలాయన వచ్చినా అదే మాట. సొంత తమ్ముడు మహబూబ్ కొడుకు నస్రీన్‌తో కలిసి గోలీలాడి పెరిగినవాడు. వాడికి మీసం మొలిచిన ఏడాది నుంచీ వాడు పరదాకు ఇవతలే కూర్చుని, ఇవతలే చాయ్ తాగి, ఇవతల నుంచే వెళ్లిపోయేవాడు.

వీరేశం వస్తే మాత్రం ఆ పద్ధతి గాలికి పోయేది. అతను బయట నిలబడి పిలిచేవాడు కాదు, దగ్గేవాడు కాదు. గడప దగ్గర చెప్పులు విడిచి, పరదా తోసుకుని తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చునేవాడు. నస్రీన్ తల మీద చున్నీ ఉందో లేదో కుబ్రా చూసేది కాదు. పైగా, "అన్న వచ్చిండు, చాయ్ పెట్టు బిడ్డా" అనేది.

వీరేశం వాళ్లు జంగమయ్యలు. మెడలో లింగం కట్టుకున్న ఇల్లు, నీసు ముట్టని ఇల్లు. గుడిలో పూజ తరతరాలుగా వాళ్లదే. వీరేశం పొద్దున గుడి చూసుకుని, తర్వాత సందు మొదట్లో తన ఎస్టీడీ బూతు తెరిచేవాడు. అతని తల్లి శరణమ్మ పక్కింట్లో ఉంటూ కూడా ఇన్నేళ్లలో ఒక్కసారి కుబ్రా గడప దాటలేదు. గాజులు వేయించుకోవాలంటే తన అరుగు మీదే. మాట్లాడాలంటే గోడ మీంచే. అలాంటి ఇంటి కొడుకు తమ పొయ్యి పక్కన కూర్చుని చాయ్ తాగడం ఏమిటి? వాడి కోసమని అమ్మ ఒక గిన్నె, ఒక గ్లాసు వేరుగా గూట్లో పెట్టి, వాటికి నీసు తగలకుండా కాపాడడం ఏమిటి?

నస్రీన్ ఇవన్నీ చూస్తుండేది, అడిగేది కాదు. ఎనిమిదో తరగతిలో బడి ఆగిపోయినప్పటి నుంచి ఆమెకు మాట్లాడడం తగ్గి, చూడడం ఎక్కువైంది.

బడి ఆగింది తండ్రి పోయిన ఏడాది. ఇల్లు గడవాలంటే కుబ్రా ఊళ్లు తిరగాలి. గాజుల దండలు గుచ్చిన మలారం భుజాన వేసుకుని ఆత్మకూరు దాకా ఒకరోజు, మక్తల్ వైపు ఒకరోజు పోయేది. ఇంట్లో ఒకరుండాలి. బేరానికి వచ్చినవాళ్లకు గాజులు చూపించడానికి నస్రీన్ ఉండిపోయింది.

గాజులు తొడగడంలో కుబ్రా చేయి మెత్తన అని పేరు. కాపు ఆడవాళ్ల గట్టి చేతులకైనా, బాలింతల ఉబ్బిన చేతులకైనా ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించేది. చిట్లితే అది ఆమె పాపమే, దానికి పైస తీసుకునేది కాదు. తొడగడం అయ్యాక ఆ ఆడవాళ్లు నిండు చేతులు జోడించి ఆమెకు దండం పెట్టేవారు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, శిలువ గొలుసు వేసుకున్నవాళ్లు, లింగం కట్టుకున్నవాళ్లు, అందరూ. నమాజు తప్పని మనిషి అయినా కుబ్రా ఆ దండాన్ని కాదనేది కాదు. "అది నాకు గాదు బిడ్డా, గాజుకు" అని సర్దిచెప్పేది. మొగుడు పోయినప్పుడు తన చేతి గాజులు తీసేసిన మనిషి ఊరందరి చేతులూ నింపుతూ తిరిగేది.

అంతవరకూ నస్రీన్‌కు తల్లి అర్థమైనట్టే ఉండేది. వీరేశం దగ్గరికి వచ్చేసరికే ఏదో అడ్డం పడేది.

మరీ అనుమానం కలిగించేది బరాత్ పండగ నాడు. చనిపోయినవాళ్ల పేరు మీద ఆ రోజు హల్వా చేసి ఫాతెహా చదువుతారు. నాయన పేరున ఒక పళ్లెం, తాత పేరున ఒకటి, నానమ్మ పేరున ఒకటి. కుబ్రా ఇంకో పళ్లెం కూడా పెట్టేది. దానికి పేరు చెప్పేది కాదు. ఫాతెహా అయ్యాక మిగతావి ఇరుగుపొరుగుకు పంచి, ఆ పేరులేని పళ్లెం మాత్రం వీరేశం కోసం ఉంచేది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేది. ఒకసారి అలా చూస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ పళ్లెం ఎవరిది అమ్మీ?" అని ఆ రోజు నస్రీన్ అడిగింది.

"అల్లాది. నువ్వు గిన్నెలు కడుగు" అంది కుబ్రా.

అమ్మ అబద్ధం చెబుతున్నప్పుడు గొంతు గట్టిగా వస్తుందని నస్రీన్‌కు తెలుసు. ఏ పాపానికి ఈ పరిహారం? ఆ ఇంటికి అమ్మ ఏదైనా అన్యాయం చేసిందా? లేక ఆ ఇల్లే అమ్మకు చేసిందా? ఒక్కోసారి ఇంకా చెడ్డ ఆలోచన వచ్చేది. అది రాగానే తనను తాను తిట్టుకుని పని చూసుకునేది. అయినా అది మళ్లీ వచ్చేది.

రెండు వేల నాలుగులో నస్రీన్‌కు వనపర్తి నుంచి సంబంధం వచ్చింది. పిల్లాడు రెహాన్‌కు బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే చిన్న డబ్బా కొట్టు. తండ్రి అజీజ్ మసీదు పనుల్లో ముందుండే మనిషి, మతం విషయంలో నిక్కచ్చి. తల్లి ముబషిరా పొడుగ్గా, నిటారుగా ఉండే మనిషి. చూపు మాత్రం ఒకచోట ఆగదు, ఇల్లంతా తిరుగుతుంది.

చూడడానికి వచ్చిన రోజు నస్రీన్ పరదా వెనక నిలబడి విన్నది. "పిల్ల ఎంత చదివింది?" అని అజీజ్ అడిగితే, కుబ్రా తలవంచుకుని "ఎనిమిదిల ఆపిచ్చిన భాయ్‌సాబ్" అంది. అప్పటిదాకా నోరు విప్పని రెహాన్ నెమ్మదిగా అన్నాడు. "పది ప్రైవేటుగ రాయొచ్చు గద. లెక్కలు నేను చెప్త. పెండ్లైనంక రాయిస్త."

ఆ ఒక్క మాటకు పరదా వెనక నస్రీన్ జరీ అంచును వేళ్లకు చుట్టుకుంది. అతని ముఖం సరిగా చూడలేదు. మాట మాత్రం పట్టుకుంది. సంబంధం ఖాయమైంది. రంజాన్ పోయాక నిఖా అనుకున్నారు.

కుబ్రా ఇంట్లో ఫోను లేదు. వనపర్తి నుంచి ఫోను వస్తే వీరేశం బూతుకే రావాలి. అతను రిసీవరు పక్కన పెట్టి పరుగున వచ్చి పిలుచుకుపోయేవాడు. ఒకరోజు ముబషిరా ఫోను చేసింది. కోడలితో జర మాట్లాడాలి అంది. వీరేశం నిష్కల్మషంగా, ఇంట్లో మనిషి చెప్పినట్టే చెప్పేశాడు.

"చెల్లె ఇప్పుడే తలకు పోసుకున్నది అమ్మా. జుట్టు ఆరబెట్టుకుంటున్నది, బారెడు జుట్టు గద, ఇంక తడి ఆరలే. నేను ఇప్పుడే చూసొచ్చిన. మల్ల చెయ్యిన్రి."

అటువైపు నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. "లైను పోయినట్టున్నది చిన్నమ్మా" అని వీరేశం కుబ్రాకు చెప్పాడు. తను ఏమన్నదీ నవ్వుతూ పూస గుచ్చినట్టు చెప్పాడు. నస్రీన్ చేతిలో దువ్వెన ఆగిపోయింది. కుబ్రా ముఖంలో రంగు పోయింది. వీరేశానికి మాత్రం ఏమీ అర్థం కాలేదు.

మర్నాడు మొదటి బస్సుకే ముబషిరా దిగింది. మొగుణ్ని తీసుకురాలేదు. కుబ్రా ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు.

"బహెన్, పెద్దగ మాటలొద్దు. ఆ ఫోను పిల్లగాడు ఎవరు?"

"పక్కింటోడు ఆపా. గుడి పూజారి కొడుకు."

"పక్కింటోడు నా కోడలి జుట్టు పొడుగు చెప్తుండు. నా కొడుకే ఇంక చూడలే ఆ జుట్టు."

"వాడు అట్లాంటోడు గాదు ఆపా. దానికి అన్నలెక్క."

"లెక్క!" ముబషిరా నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు. "మీ తమ్ముని కొడుకు వస్తే పిల్లను లోపటికి పంపుతవంట. సందుల అడిగి తెలుసుకున్న. సొంత మామ కొడుకుకు పరదా, పరాయోనికి లేదు. గిదేం దీన్, గిదేం మతం బహెన్? మా ఆయనకు తెలిస్తే ఈ గడప తొక్కడు. ఇంక చెప్పలే ఆయనకు. జుమ్మా నమాజు అయినంక తీసుకొస్త. అప్పటికి నువ్వు జవాబు చూసుకో. పిల్లగాడు ఏమన్న పెట్టిండా మీకు? ఏమన్న బాకీ ఉన్నవా వానికి?"

పరదా వెనక నస్రీన్ తల్లి జవాబు కోసం చెవులు రిక్కించింది. ఏమీ వినబడలేదు. పరదా సందులోంచి చూసింది. కుబ్రా పెదవులు ఒకసారి విడివడి మళ్లీ మూసుకున్నాయి. గట్టిగా మూసుకున్నాయి, లోపలి మాట బయటికి రాకుండా పట్టుకున్నట్టు.

అప్పుడు నస్రీన్‌కు ఒకటి తేటతెల్లమైంది. జవాబు ఉంది. అమ్మ దగ్గరే ఉంది. ఆమె చెప్పడం లేదు. కూతురి పెళ్లి చెడిపోతున్నా చెప్పడం లేదు.

ముబషిరా బస్సెక్కాక నస్రీన్ పరదా తీసి, ఒక పక్కకు ముడి వేసి, తల్లి ఎదురుగా వచ్చి కూర్చుంది. కుబ్రా కొత్త గాజులను సైజు వారీగా దారానికి గుచ్చుతోంది.

"చెప్పు" అంది నస్రీన్.

"ఏం చెప్పాలె?"

"నేను పది రాయాలె అమ్మీ. నువ్వు నోరు తెరుస్తలేవు. ఎవరి కోసం? వాని కోసమా?"

కుబ్రా గాజులు గుచ్చుతూనే ఉంది. ఒకటి దారం తప్పి కింద పడి దొర్లింది. ఆమె దాన్ని తీయలేదు. గాజులతో మాట్లాడుతున్నట్టుగా మొదలుపెట్టింది.

"నీకంటె ముందు నాకొక కొడుకు పుట్టిండు. నెల నిండక ముందే పోయిండు. పిల్లగాడు పోయిండని పాలకు తెల్వదు గద. రొమ్ములు రాయిలెక్క గట్టివడుతుండె. పెరట్ల జాజి మొదట్ల పిండిపోస్తుంటి. గదే వారంల పక్కింట్ల శరణక్క కన్నది. ఆమెకు బాలింత జ్వరం, మంచం మీద నుంచి లేచే సత్తువ లేదు, చుక్క పాలు లేవు. మేక పాలు పోస్తే పిల్లగాడు కక్కిండు. ఏడ్చే ఓపిక గూడ లేకుంట అయిండు."

"అప్పుడు?"

"నీలమ్మవ్వ వచ్చింది."

నస్రీన్‌కు నమ్మబుద్ధి కాలేదు. నీలమ్మవ్వ శరణమ్మ అత్త. పోయి ఏడాదైంది. ఆమెకున్నంత మడి ఆ సందులో ఎవరికీ లేదు. నస్రీన్ నీడ పడినా నీళ్ల బిందె ఒంపి మళ్లీ నింపుకునేది.

"మిట్టమధ్యాన్నం వచ్చింది. చాటల బియ్యం తెచ్చినట్లు, పైన గుడ్డ గప్పి. అప్పుడు పెరటి గోడకు సందు ఉండె. గుడ్డ తీస్తే వాడు. నా దిక్కు చూడకుంట గోడ దిక్కు తిరిగి నిలబడ్డది. 'తాగిపియ్యి బూబమ్మా, శివుడు జరసేపు కండ్లు మూసుకుంటడు' అన్నది. శరణక్క లేచి తిరిగినదాంక రోజూ తెచ్చింది. ఒక్కనాడు నా మొకం చూడలే. కడాపటి దినం పిల్లగాన్ని తీస్కపోతూ నా చేతి గాజులు పట్టుకుని ఒట్టు వేయిపిచ్చింది. ఎవ్వరికి చెప్పొద్దని. వానికి లింగం కట్టాలె, గుడిల పూజ చెయ్యాలె, ఊరు ఏమంటదో అని. తర్వాత ఆ గోడ సందు మూపిచ్చింది."

ఒక తల్లి పాలు తాగిన పిల్లలు తమ మతంలో తోడబుట్టిన వాళ్లతో సమానమని నస్రీన్‌కు తెలుసు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు, అందుకే పరదా అక్కర్లేదు. అమ్మ ఇన్నేళ్లూ పద్ధతి తప్పలేదు. పద్ధతి ప్రకారమే నడిచింది. లోకానికి తెలియనిది ఆ ఒక్క ముక్కే.

"ఇది చెప్తే అయిపాయె గద! అజీజ్ మామ గూడ మాట్లాడలేడు."

"ఒట్టున్నది."

"గాజుల మీద ఒట్టు. నాయన పోయిననాడు ఆ గాజులే తీసేసిన్రు. ఇంక ఒట్టు ఏడున్నది?"

కుబ్రా బోసి చేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంది. "గాజులు పోయినయి. చెయ్యి ఉన్నది గద బిడ్డా" అంది. "అది నా మాట గాదు, ఆ ఇంటి మాట. నా నోటి నుంచి వస్తే రేపు వాని చేతి తీర్థం ఎవరు తీసుకుంటరు? నీకు ఇంకో సంబంధం దొరుకుతది. వానికి ఇంకో గుడి దొరుకుతదా?"

ఆ మాటకు నస్రీన్‌కు కోపం వచ్చింది. కన్న కూతురి కంటే పాలు తాగినవాడు ఎక్కువయ్యాడా అనిపించింది. ఆ కోపంతోనే, ఎన్నడూ లేనిది, ఒంటరిగా శరణమ్మ అరుగు దగ్గరికి పోయింది.

శరణమ్మ చింతపండుతో గుడి గంటలు తోముతోంది. తలెత్తి చూసింది కానీ కూర్చోమనలేదు.

"పెద్దమ్మా, శుక్రారం వనపర్తోళ్లు వస్తున్నరు" అంది నస్రీన్. అడగాలనుకున్న వాటిలో ఈ ఒక్కటే బయటికి వచ్చింది.

"తెలుసు. సందంత అదే ముచ్చట. మీ అమ్మ పంపిందా?"

"లేదు."

"నీకేమన్న చెప్పిందా?"

"ఏం చెప్పలే."

శరణమ్మ తోమడం ఆపి ఆమె చెవుల వైపు చూసింది. "చిన్నప్పటి సంది నువ్వు అబద్దం ఆడితే చెవులు ఎర్రగైతయి" అంది. అంతే. మళ్లీ గంట తోమడంలో పడింది. నస్రీన్ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసింది.

ఆమె మాట్లాడదని నస్రీన్‌కు గట్టిగా అనిపించింది. ఎందుకు మాట్లాడుతుంది? వాళ్లకు గుడి ఉంది, కొడుకుంది, కులం ఉంది. పాలు తాగేటప్పుడే చాటలో దాచి తెచ్చినవాళ్లు. ఆ రెండు రోజులూ ఆమె గోడ అవతల ప్రతి చప్పుడునూ అనుమానంగానే విన్నది. అక్కడ తల్లీకొడుకులు మామూలుగా మాట్లాడుకుంటుంటే, అంత మామూలుగా ఎలా మాట్లాడగలుగుతున్నారని ఒళ్లు మండింది.

శుక్రవారం అజీజ్, ముబషిరా వచ్చారు. రెహాన్ రాలేదు. అజీజ్ అత్తరు వాసనతో, తెల్లటి టోపీతో వచ్చి చాప మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. అదే ఇంకా భయం పుట్టించింది.

"చెల్లెమ్మా, నేను ఊరికి ఇజ్జత్ గురించి చెప్పేటోన్ని. నా ఇంట్లకు వచ్చే పిల్ల గురించి నేను అడగకపోతే ఎట్ల? ఆ పిల్లగాడు ఏ రిష్తా, ఏ వరస మీద నీ వంటింట్లకు వస్తుండు? రిష్తా ఉంటె చెప్పు. లేకుంటె లేదని చెప్పు. మేము లేచి పోతం, గొడవ ఉండది."

కుబ్రా తల ఎత్తలేదు. "భాయ్‌సాబ్, నా బిడ్డ మంచిది" అంది.

"అది గాదు నేనడిగింది."

అప్పుడు గడప దగ్గర నీడ పడింది. నస్రీన్ పరదా సందులోంచి చూసి తన కళ్లను తానే నమ్మలేదు. శరణమ్మ. నుదుట విభూతి, చేతుల నిండా కుబ్రా తొడిగిన పచ్చ గాజులు. ఆమె గడప ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని, వాగు దాటినట్టు దాటి లోపలికి వచ్చింది.

"తంగీ" అని పిలిచింది కుబ్రాను. పుట్టిల్లు రాయచూరు వైపు కావడంతో, చెల్లెలిని ఆమె అలాగే పిలుస్తుంది. "జర నీళ్లియ్యి. గొంతు ఎండింది."

కుబ్రా కంగారుగా లేచి, గూట్లోంచి వేరుగా పెట్టిన గ్లాసు తీసి నీళ్లిచ్చింది. శరణమ్మ దాన్ని తిప్పి చూసింది. "ఇది ఒక్కటే వేరుగ పెట్టినవు. ఎవరిది?"

"వీరేశానిది అక్కా. మీ పద్ధతి చెడొద్దని."

శరణమ్మ ఆ గ్లాసునే కాసేపు చూసింది. ఇలాంటిదొకటి ఇక్కడ ఉందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదని నస్రీన్‌కు అర్థమైంది. నీళ్లు గుటగుటా తాగి గ్లాసు కింద పెట్టి, అజీజ్ వైపు తిరిగింది.

"రిష్తా అడుగుతున్నవు గద అన్నా. నేను చెప్త. నా కొడుకు ఈమె పాలు తాగి బతికిండు. నాకు పాలు లేకుండె. మా అత్త వాన్ని ఎత్తుకొచ్చి తాగిపిచ్చింది. ఈమె ఒట్టు వేసింది గాబట్టి చెప్తలేదు. నేను వెయ్యలే."

అజీజ్ గడ్డం నిమురుకున్నాడు. అతని ముఖంలో అనుమానం పోలేదు, దాని రంగు మారింది అంతే.

"ఇట్లాంటిదానికి షరతులుంటయి అమ్మా. సాక్ష్యం కావాలె. ఎన్ని సార్లు తాగిండు?"

శరణమ్మకు కోపం ముంచుకొచ్చింది. "ఎన్ని సార్లా? పాలిచ్చేటప్పుడు గోడ మీద గీతలు పెట్టుకుంటదా ఎవరన్న? మీ అమ్మనడుగు పోయి, నువ్వెన్ని సార్లు తాగినవో. సాక్ష్యమంటవా? కొడుకు ఆకలికి చస్తుంటె మంచం మీద పండుకుని చూసిన తల్లిని నేను. ఇంక సాక్ష్యం ఏం కావాలె నీకు?"

ముబషిరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో తెలియలేదు. నిటారుగా ఉన్న ఆమె వీపు మాత్రం మొదటిసారి వంగింది. "మీ పిల్లగానికి తెలుసా అమ్మా ఈ ముచ్చట?" అని మెల్లగా అడిగింది.

శరణమ్మ జవాబు చెప్పే పని లేకపోయింది. వీరేశం గడప దగ్గర నిలబడి ఉన్నాడు. తన తల్లి ఆ ఇంట్లోకి పోవడం బూతులోంచి చూసి, ఎవరికేమైందోనని పరుగెత్తుకొచ్చాడు. అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. ఒకసారి తల్లిని చూశాడు, ఒకసారి కుబ్రాను చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

అజీజ్ తమ మౌల్వీని అడిగాడు. పాలు తాగినవాడు ఏ మతంవాడైనా పాలిచ్చిన తల్లికి కొడుకే, ఆమె బిడ్డకు అన్నే అని ఆయన చెప్పాడట. సంబంధం నిలిచింది. పదో తరగతి లెక్కల పుస్తకం కొన్నానని రెహాన్ ఫోనులో చెప్పాడు.

ఆ ఫోనుకు వీరేశం ఇంట్లోకి వచ్చి పిలవలేదు. సందు మొదటి నుంచే "ఫోనొచ్చింది!" అని కేకేశాడు. కుబ్రాతో కలిసి నస్రీన్ బూతుకు పోతే, రిసీవరు చేతికిచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె కోరుకున్న మాట ఆమెకు చెవిలో వినబడుతూనే ఉంది. కళ్లు మాత్రం అతని వీపు మీదే ఉన్నాయి.

సందులో మాటలు రకరకాలుగా నడిచాయి. ఎదురింటి మంజుల బట్టలు కుడుతూ అన్నీ మోసుకొచ్చేది. గుడి దగ్గర ఎవడో "వీరేశా, నిన్ను అయ్యగారూ అనాలెనా, మియా అనాలెనా?" అన్నాడట. వీరేశం ఏమీ అనకుండా హారతి పళ్లెం వాడి ముందు అలాగే పట్టుకుని నిలబడ్డాడట, వాడు కళ్లకద్దుకునే దాకా. రెండు మూడు ఇళ్లవాళ్లు సోమవారం గుడికి రావడం మానేశారు. మిగతావాళ్లు, నీలమ్మవ్వకు లేని పట్టింపు మనకెందుకన్నారు. అన్నారంటే అన్నారు, లోపల ఏముందో ఎవరికి తెలుసు? నస్రీన్‌కు ఎవరి మాట మీదా నమ్మకం కుదరలేదు.

గడప దగ్గర ఆ చెప్పులు అలాగే ఉన్నాయి. కుబ్రా వాటిని కదిలించనివ్వలేదు. ఊడ్చేటప్పుడు ఎత్తి, ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టేది. అవి చూసినప్పుడల్లా నస్రీన్‌కు తన పెళ్లి ఆ చెప్పుల మీద నిలబడినట్టు అనిపించేది. అతనికి తమ మీద అసహ్యం కలిగిందా? లేక తల్లి మీద కోపమా? లేక ఊరి భయమా? ఏదీ అడగలేదు. చూస్తూ ఉంది.

బరాత్ పండగ దగ్గరికి వచ్చింది. ఆ ముందటి ఆదివారం మధ్యాహ్నం బయట ఎవరో దగ్గారు. కుబ్రా "నస్రీన్, లోపటికి పో" అంది, ఎవరో పరాయివాళ్లనుకుని. నస్రీన్ పరదా వెనక్కి పోయింది.

వచ్చింది వీరేశం. ఇన్నేళ్లలో మొదటిసారి దగ్గి వచ్చాడు. ముందు గదిలోనే, చాప మీద కూడా కూర్చోకుండా నిలబడ్డాడు.

"చిన్నమ్మా" అన్నాడు. "ఆ పిల్లగాని పేరేంది?"

"ఏ పిల్లగాడు?"

"నేను ఎవని పాలు తాగిన్నో, వాడు."

కుబ్రా గోడకు చేయి ఆనించుకుంది. నస్రీన్‌కు ఆ క్షణం దాకా తట్టనే లేదు. తానూ అడగలేదు ఆ పేరు. పెళ్లి గురించి, ఒట్టు గురించి, పరదా గురించి అడిగింది. అన్న పేరు అడగలేదు.

"అజీమ్" అంది కుబ్రా. ఇన్నేళ్లు లోపలే ఉన్న పేరు కాబట్టి సగం గాలిలా వచ్చింది. "అజీమ్ అని పెట్టినం. పిలిచింది తక్కువ."

"యాడ పెట్టిన్రు?"

"ఈద్గా వెనక. రాయి గూడ లేదు. నాకు ఎరుకే."

"పండగ నాడు నాకు పళ్లెం పెడుతుంటివి. వానిదే గద?"

కుబ్రా తలూపింది. వీరేశం మెడలోని లింగం దారాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. "ఈసారి నేను గూడ వస్త నీతోని. జర దూరంల నిలబడ్త. నాకేం చదవొస్తదని" అన్నాడు. తర్వాత చాప మీద కూలబడి, గొంతు సవరించుకుని, పరదా వైపు కేకేశాడు. "చెల్లే, చాయ్ పోస్తవా లేదా?"

నస్రీన్ గూట్లోని గ్లాసు తీసింది. చాయ్ వంచి, పరదా పక్కకు తోసి బయటికి రాబోతూ ఆగింది. ఆమె ఎడమచేయి తనకు తెలియకుండానే చున్నీని తల మీదికి లాక్కుని, నుదుటి దాకా సర్దింది. ఎన్నడూ చేయని పని. ఈ నెలలో ఆ చేతికి ఎవరు నేర్పారో తెలియలేదు.

కుబ్రా చూసింది. వీరేశమూ చూశాడు. అతని ముఖం చిన్నబోయింది, అంతలోనే తేరుకున్నాడు.

"ఏందే, అజీజ్ మామ వచ్చిండనుకున్నవా?" అన్నాడు.

నస్రీన్‌కు నవ్వు, సిగ్గు కలిసి వచ్చాయి. రెండు చేతులతోనూ గ్లాసు పట్టుకుని ముందుకు వంగింది. చున్నీ మెల్లగా జారి భుజాల మీద పడింది. ఆమె దాన్ని మళ్లీ పైకి లాక్కోలేదు.